ఎఫ్1 స్టార్ డ్రైవర్ల జీతాల బేరం: హామిల్టన్ నుంచి సత్తుపల్లి డంపర్ దాకా.. ఎవరి మాట నెగ్గుతుంది?

సత్తుపల్లి: ఇద్దరు డ్రైవర్లు. ఇద్దరూ బ్రిటన్ వాళ్లే. 2025లో ఒకరు ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఇంకొకరు సీజన్ మొత్తంలో ఒక్క గ్రాండ్ ప్రీలో కూడా పోడియం ఎక్కలేకపోయారు. మరి ఇద్దరిలో ఎక్కువ జీతం ఎవరిది?

ఛాంపియన్‌దే అనుకుంటే పొరపాటే. ఫోర్బ్స్ పత్రిక అంచనా ప్రకారం ఛాంపియన్ లాండో నోరిస్‌కు మెక్‌లారెన్ ఇచ్చిన స్థిర జీతం 1.8 కోట్ల డాలర్లు. అంటే సుమారు రూ.160 కోట్లు. పోడియం ఎక్కని లూయిస్ హామిల్టన్‌కు ఫెరారీ ఇచ్చింది 7 కోట్ల డాలర్లు. మన లెక్కలో రూ.600 కోట్ల పైమాటే. దాదాపు నాలుగు రెట్లు తేడా!

అయితే నోరిస్ ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లలేదు. బోనస్‌ల రూపంలోనే ఆయనకు 3.95 కోట్ల డాలర్లు వచ్చాయి. హామిల్టన్ బోనస్ మాత్రం 5 లక్షల డాలర్లే. చైనాలో ఒక స్ప్రింట్ రేసు గెలిచారు, అంతకుమించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు.

ఒకరికి గెలిస్తేనే డబ్బు. ఇంకొకరికి గెలిచినా ఓడినా డబ్బు. ఎఫ్1లో ప్రతి కాంట్రాక్ట్ గొడవా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది. రిస్క్ ఎవరి నెత్తిన పడాలి? డ్రైవర్ మీదా, జట్టు మీదా? ఇదే ప్రశ్న ఈ ఏడాది సత్తుపల్లి దాకా కూడా వస్తోంది. ఇక్కడి జేవీఆర్ ఓపెన్‌కాస్ట్ గనుల్లో డంపర్లు నడిపే సింగరేణి కార్మికుల వేతన ఒప్పందం గడువు 2026 జూన్ 30తో ముగుస్తోంది. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు కోట్ల డాలర్ల బేరం ఎలా జరుగుతుందో చూద్దాం.

హామిల్టన్‌కు అంత ఎందుకు ఇచ్చారు?

ఏడు టైటిళ్లు ఉన్నాయి కాబట్టి అని ఈజీగా చెప్పేయొచ్చు. కానీ ఆ ఏడు టైటిళ్లు మెర్సిడెస్‌కు కూడా తెలుసు కదా! 2023 ఆగస్టులో ఆయన మెర్సిడెస్‌తో 2025 దాకా కొత్త ఒప్పందం చేసుకున్నారు. పైకి రెండేళ్ల కాంట్రాక్ట్. లోపల మొదటి ఏడాది తర్వాత బయటికి వెళ్లిపోయే వెసులుబాటు ఉంది. వయసు 40కి దగ్గరపడుతున్న డ్రైవర్‌తో ఎక్కువ ఏళ్లకు కట్టుబడటం మెర్సిడెస్‌కు ఇష్టం లేదు. హామిల్టన్‌కు మాత్రం ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఆ సందులోకి ఫెరారీ దూరింది. 2024 ఫిబ్రవరి 1న ప్రకటన వచ్చేసింది. సీజన్ ఇంకా మొదలు కూడా కాలేదు!

చాలామంది ఇక్కడ డబ్బునే చూస్తారు. నిజానికి హామిల్టన్ గెలిచింది ఏళ్ల లెక్కలో. జట్టు డ్రైవర్ మీద ఎంత నమ్మకం పెట్టుకుందో జీతం అంకెకన్నా కాంట్రాక్ట్ కాలమే బాగా చెబుతుంది. ఇంకో విషయం.. ఫెరారీ కొన్నది స్టీరింగ్ తిప్పే మనిషిని ఒక్కడినే కాదు. ఎర్ర డ్రెస్‌లో హామిల్టన్ ఫొటో రాగానే ప్రపంచమంతా షేర్ చేసింది. స్పాన్సర్‌కు అది కూడా సరుకే.

ఈ జీతాలకు ఇంకో దారి కూడా తెరిచి ఉంది. 2021 నుంచి ఎఫ్1 జట్ల ఖర్చుకు పరిమితి ఉంది. కారు తయారీకి, దాని అభివృద్ధికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదు అని రూల్. కానీ డ్రైవర్ల జీతాలు ఆ పరిమితి కిందకు రావు. అంటే ఇంజినీర్‌కు జీతం పెంచాలంటే జట్టు పది లెక్కలు వేసుకోవాలి, డ్రైవర్‌కు పెంచాలంటే యజమాని జేబు చూసుకుంటే చాలు. డ్రైవర్ల జీతాలకూ పరిమితి పెట్టాలని 2022లో గట్టిగానే చర్చ నడిచింది. మ్యాక్స్ వెర్‌స్టాపెన్ అది పూర్తిగా తప్పు అని మొహం మీదే చెప్పేశారు. ప్రాణాలకు తెగించి షో నడిపించేది డ్రైవర్లే కదా అన్నది ఆయన వాదన. ఆ పరిమితి రాలేదు. 2025లో ఆయన సంపాదన ఫోర్బ్స్ లెక్కలో 7.6 కోట్ల డాలర్లు. లిస్టులో నంబర్ వన్.

ఫ్రీగా నడుపుతానన్న ఛాంపియన్!

స్టార్ అయితే చాలు, బేరం తనదే అనుకోవడానికి లేదు. ఇందుకు 1992 కథ చూడాలి. ఇప్పటి రీల్స్‌లో పెద్దగా కనిపించదు కానీ, జీతాల బేరం మీద ఇంతకంటే మంచి పాఠం ఎఫ్1లో లేదు.

ఆ ఏడాది విలియమ్స్ కారు మిగతా అందరికంటే చాలా ముందుంది. అందులో కూర్చున్న నైజెల్ మాన్సెల్ ఆగస్టులోనే ఛాంపియన్ అయిపోయారు. ఇంకా ఐదు రేసులు మిగిలే ఉన్నాయి. ఛాంపియన్‌కు జీతం పెరగాలి కదా? సీన్ రివర్స్ అయింది. అప్పటికే మూడు టైటిళ్లు గెలిచిన అయర్టన్ సెన్నా, విలియమ్స్ కారు ఇస్తే తనకు జీతమే వద్దు, ఉత్తినే నడుపుతానని టీవీలోనే చెప్పేశారు. పక్కనుంచి అలెన్ ప్రోస్ట్ అప్పటికే సీటు పట్టేసుకున్నారు. ఇక మాన్సెల్ చేతిలో ఏముంది? తక్కువకు ఒప్పుకో అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. మోన్జాలో మైకు ముందుకు వచ్చి వెళ్లిపోతున్నట్టు ప్రకటించేశారు. తర్వాతి ఏడాది అమెరికా వెళ్లి ఇండీకార్ టైటిల్ గెలిచారు. అది వేరే కథ.

పాపం సెన్నాకు కూడా ఆ సీటు దక్కలేదు. తన పక్కన సెన్నా ఉండకూడదని ప్రోస్ట్ ముందే కాంట్రాక్ట్‌లో రాయించుకున్నారు. ఉత్తినే నడుపుతానన్నా వద్దన్నారు! అదే సెన్నా 1993లో మెక్‌లారెన్‌లోనే ఉండి, రేసుకు 10 లక్షల డాలర్ల లెక్కన ఒక్కో రేసుకు విడివిడిగా నడిపారని ఎఫ్1 సర్కిల్స్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకే మనిషి. ఒక ఆఫీసులో సున్నాకు సిద్ధం, ఇంకో ఆఫీసులో రేసుకు మిలియన్. ఆయన టాలెంట్ ఆ కొన్ని నెలల్లో తగ్గిందీ లేదు, పెరిగిందీ లేదు. విలియమ్స్‌కు సెన్నా అవసరం లేదు. మెక్‌లారెన్‌కు సెన్నా లేకపోతే గడవదు. అంతే తేడా.

అదే సెన్నా, అంతకుముందు మెక్‌లారెన్ బాస్ రాన్ డెన్నిస్‌తో జీతం దగ్గర మాట తెగకపోతే నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. సెన్నా ఓడిపోయారు. మూడేళ్ల కాంట్రాక్ట్ కావడంతో ఆ ఒక్క బొమ్మా బొరుసుతో 15 లక్షల డాలర్లు పోయాయని డెన్నిస్ తర్వాత చెప్పుకొచ్చారు.

సంతకం ఉంటే సరిపోతుందా?

జీతం ఎంతైనా రాసుకోవచ్చు. ఆ కాగితం కోర్టులో నిలబడాలి కదా! ఎఫ్1 ఈ సంగతి కాస్త నొప్పితోనే నేర్చుకుంది. 1991లో మైఖేల్ షుమాకర్ జోర్డాన్ జట్టుతో బెల్జియంలో అరంగేట్రం చేశారు. తర్వాతి రేసుకల్లా బెనెటన్ కారులో ఉన్నారు. ఎడ్డీ జోర్డాన్ తీసుకున్న లెటర్‌లో ‘ఆ ఒప్పందం’ అని ఉండాల్సిన చోట ‘ఒక ఒప్పందం’ అని మార్పించారట షుమాకర్ తరఫు వాళ్లు. ఒక్క చిన్న మాట. చేతికి వచ్చిన భవిష్యత్ ఏడుసార్ల ఛాంపియన్ జారిపోయాడు.

ఆ గొడవ తర్వాతే కాంట్రాక్టులు నమోదు చేసుకుని, తగాదా వస్తే తీర్పు చెప్పే బోర్డు వచ్చింది. కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డు అంటారు. చాలా ఏళ్లు దాని పేరు కూడా సామాన్య ఫ్యాన్స్‌కు తెలీదు. 2022 ఆగస్టులో మాత్రం అందరికీ తెలిసిపోయింది.

అప్పుడు ఏం జరిగిందంటే.. జులై చివర్లో సెబాస్టియన్ వెటెల్ రిటైర్మెంట్ ప్రకటించారు. ఆస్టన్ మార్టిన్‌లో ఒక సీటు ఖాళీ అయింది. ఆల్పైన్‌లో ఉన్న ఫెర్నాండో అలోన్సోకు ఎక్కువ ఏళ్ల కాంట్రాక్ట్ కావాలి. ఆల్పైన్ ఇవ్వనంది. (మళ్లీ అదే ఏళ్ల గొడవ.) ఆగస్టు 1న అలోన్సో ఆస్టన్ మార్టిన్‌కు జంప్. కంగారులో ఆల్పైన్ మర్నాడే తమ రిజర్వ్ డ్రైవర్ ఆస్కార్ పియాస్ట్రి వచ్చే ఏడాది తమకే నడుపుతాడని ప్రకటించింది. కొన్ని గంటల్లోనే పియాస్ట్రి ట్వీట్ పెట్టాడు. నేను సంతకం చేయలేదు, వచ్చే ఏడాది ఆల్పైన్‌కు నడపను అని. అప్పటికి ఆ కుర్రాడికి 21 ఏళ్లు. ఎఫ్1లో ఒక్క రేసు కూడా నడపలేదు!

అంత ధైర్యం ఎక్కడిది? జులై 4నే మెక్‌లారెన్‌తో సంతకం అయిపోయింది. మేనేజర్ మాజీ డ్రైవర్ మార్క్ వెబర్. ఆల్పైన్ మాత్రం కాగితాల పని ఆలస్యం చేసింది. సెప్టెంబర్ 2న బోర్డు తీర్పు చెప్పింది.. చెల్లే కాంట్రాక్ట్ మెక్‌లారెన్‌ది ఒక్కటే. కుర్రాడిని తయారు చేయడానికి ఖర్చు పెట్టింది మేమే కదా అని ఆల్పైన్ ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. 2025లో పియాస్ట్రి బేస్ శాలరీ కోటి డాలర్లు, బోనస్ 2.75 కోట్ల డాలర్లు అని ఫోర్బ్స్ లెక్క. అతనిదీ నోరిస్ తరహా కాంట్రాక్టే.. గెలువు, తీసుకో.

గెలిచినా డబ్బు రాకపోతే? కిమీ రైకొనెన్‌ను అడగాలి. 2012లో లోటస్ జట్టు ఆయనకు పాయింట్ల మీద బోనస్ రాసిచ్చింది. ఒక్కో పాయింట్‌కు 50 వేల యూరోలని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆయన పాయింట్లు దంచికొట్టేశారు. 2012లో 207, 2013లో 183. జట్టు దగ్గర డబ్బు లేదు. 2013 చివరికి, ఏడాదంతా తనకు ఒక్క యూరో కూడా రాలేదని రైకొనెన్ బయటపెట్టారు. ఆఖరి రెండు రేసులు నడపకుండా వెన్ను ఆపరేషన్‌కు వెళ్లిపోయారు. బోనస్ ఒప్పందం ఎంత బాగున్నా ఇచ్చేవాడి గల్లా ఖాళీగా ఉంటే ఇంతే సంగతులు.

మాల్యా జట్టు, మన హైదరాబాద్ కోర్టు

ఇండియా పేరుతో ఎఫ్1లో తిరిగిన జట్టు ఒకటుంది. ఫోర్స్ ఇండియా. 2008 నుంచి 2018 దాకా నడిచింది. యజమాని విజయ్ మాల్యా. తర్వాత సహారా గ్రూపు కూడా వాటాదారు అయింది. తెలుగువాళ్లకు మాల్యా పేరు కింగ్‌ఫిషర్ విమానాల వల్ల ఎక్కువ గుర్తు. ఆ సంస్థ ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు ఆగిపోయాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు నడిపే జీఎంఆర్ సంస్థకు ఇచ్చిన చెక్కులు బౌన్స్ అయిన కేసులో 2016 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎర్రమంజిల్ కోర్టు మాల్యాను దోషిగా తేల్చింది కూడా. అప్పటికే ఆయన దేశం దాటేశారు.

ఆయన ఎఫ్1 జట్టులోనూ అదే పరిస్థితి వచ్చింది. 2018 జులై నాటికి ఆ జట్టు డ్రైవర్ సెర్గియో పెరెజ్‌కే సుమారు 40 లక్షల డాలర్లు బాకీ. మామూలుగా అయితే డ్రైవర్ సీటు వదిలేసి ఇంకో జట్టు చూసుకుంటాడు. పెరెజ్ లండన్ హైకోర్టుకు వెళ్లారు. జట్టును అడ్మినిస్ట్రేషన్‌లో పెట్టించారు. అలా చేయకపోతే జట్టు పూర్తిగా మూతపడి, అందులో పనిచేసే 400 మందికి పైగా రోడ్డున పడేవాళ్లు. మెకానిక్‌లు, ఇంజినీర్లే తనను ఆ పని చేయమని అడిగారని ఆయన తర్వాత చెప్పారు.

జీతాల బేరంలో స్టార్‌కు ఉన్న బలం మిగతా ఉద్యోగులకు పనికొచ్చిన సందర్భాలు చాలా తక్కువ. వాటిలో ఇదొకటి. మరి పెరెజ్‌కు దక్కిన బహుమానం? కెనడా కోటీశ్వరుడు లారెన్స్ స్ట్రోల్ బృందం ఆ జట్టును కొనింది. 2020లో పెరెజ్‌కు ఇంకా రెండేళ్ల కాంట్రాక్ట్ ఉండగానే వెటెల్ కోసం ఆయన్ను పక్కన పెట్టారు. రెండో సీటు యజమాని కొడుకు లాన్స్ స్ట్రోల్‌ది, దాన్ని ఎవరు ముట్టుకుంటారు? అదే ఏడాది డిసెంబర్‌లో పెరెజ్ అదే జట్టుకు సాఖిర్‌లో రేసు గెలిచిపెట్టి మరీ వెళ్లారు. తర్వాత రెడ్ బుల్‌లోనూ 2026 దాకా కాంట్రాక్ట్ రాసుకుని, 2024 డిసెంబర్‌లోనే బయటికి వచ్చారు. 2026లో కొత్త జట్టు క్యాడిలాక్ కారులో కనిపిస్తున్నారు. కాంట్రాక్ట్‌లో రాసిన సంవత్సరం ఎప్పుడూ ఆఖరి మాట కాదని చెప్పడానికి ఈయన కెరీర్ ఒక్కటి చాలు.

ఎదురు డబ్బు కట్టి నడిపేవాళ్లు

ఇంతవరకూ మాట్లాడుకున్నది జీతం తీసుకునేవాళ్ల గురించి. ఎఫ్1లో 2026లో 11 జట్లు, 22 సీట్లు. ప్రపంచం మొత్తానికి అంతే. కింది మెట్ల మీద, అంటే ఎఫ్2, ఎఫ్3, కార్టింగ్‌లో డ్రైవరే జట్టుకు డబ్బు కట్టాలి. స్పాన్సర్ అయినా తేవాలి, ఇంట్లోవాళ్లయినా పెట్టాలి. అక్కడ జీతం బేరం ఉండదు, సీటు రేటు బేరమే ఉంటుంది.

మన దేశం నుంచి ఎఫ్1 దాకా వెళ్లింది ఇద్దరే. 2005లో నరేన్ కార్తికేయన్, 2010లో కరుణ్ చంధోక్. ఇద్దరూ చెన్నై ట్రాక్‌ల మీద పెరిగినవాళ్లే. నరేన్ వెనక టాటా ఉంది. ఆ అండతోనే జోర్డాన్ సీటు సాధ్యమైంది. ఆ ఏడాది అమెరికా గ్రాండ్ ప్రీలో ఆరు కార్లే పరుగెత్తిన విచిత్రమైన రేసులో నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చారు. ఎఫ్1లో ఒక భారతీయ డ్రైవర్ సాధించిన పాయింట్లు ఇప్పటికీ అవే.

తెలుగు రాష్ట్రాల్లోనూ రేసింగ్ పిచ్చి లేకపోలేదు. సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ స్టార్ అజిత్ సొంత జట్టు పెట్టుకుని 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకు వెళ్లారు. తన విభాగంలో ఆ జట్టు మూడో స్థానంలో నిలిచింది. సినిమాలో కోట్లు తీసుకునే హీరో, ట్రాక్ మీద తానే ఖర్చు పెట్టుకునే యజమాని. నాగచైతన్య 2024లో ఇండియన్ రేసింగ్ ఫెస్టివల్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును కొన్నారు. హీరోలు ఓనర్లుగా వస్తున్నారు, మంచిదే. కానీ సత్తుపల్లిలోనో అశ్వారావుపేటలోనో బండి మీద చేయి తిరిగిన కుర్రాడికి కార్టింగ్ ట్రాక్ ఎక్కడుంది? ఎనిమిదేళ్ల వయసులో మొదలుపెట్టాల్సిన ఆట ఇది. టైర్లు, ఇంజిన్, ప్రయాణం.. అన్నీ సొంత ఖర్చే. క్రికెట్‌లో ఒక బ్యాటు, ఒక మైదానం ఉంటే స్కౌట్ కంట పడే అవకాశం ఉంటుంది. ఇక్కడ అది లేదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది గుర్తుందా? 22 మంది డ్రైవర్లు. గెలిచింది ఫ్రాన్స్‌కు చెందిన జీన్ ఎరిక్ వెర్న్. మహీంద్రా జట్టు మనదే అయినా అందులో కూర్చున్నది బ్రిటన్ డ్రైవర్ ఆలివర్ రోలాండ్, బ్రెజిల్ డ్రైవర్ లూకాస్ డి గ్రాస్సి. జట్టుతో ఉన్న భారతీయుడు జెహాన్ దారువాలా అప్పటికి రిజర్వ్ డ్రైవరే. సీటు కోసం ఆయన ఇంకో సీజన్ ఆగాల్సి వచ్చింది.

ఆ రేసు చుట్టూ తర్వాత నడిచిన బేరం వేరే. డ్రైవర్ సీటు కొనుక్కున్నట్టే ఇక్కడ నగరం రేసును కొనుక్కోవాలి. మొదటి ఏడాది తర్వాత స్పాన్సర్ తప్పుకోవడంతో, రెండో రేసు కోసం నిర్వాహకులకు హెచ్‌ఎండీఏ నుంచి దాదాపు రూ.55 కోట్లు వెళ్లాయి. ప్రభుత్వం మారింది. 2024 జనవరిలో రేసు రద్దయింది. చెల్లింపుల మీద అప్పటి మంత్రి కేటీఆర్‌, మరికొందరిపై 2024 డిసెంబర్‌లో ఏసీబీ కేసు నమోదైంది. తప్పేమీ చేయలేదని, ఇది రాజకీయ కక్ష అని కేటీఆర్ అంటున్నారు. తేల్చాల్సింది కోర్టులే.

సత్తుపల్లిలో ‘బేస్’ ఎవరికి, ‘బోనస్’ ఎవరికి?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మాజీ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు పేరు మీదున్న జేవీఆర్ ఓపెన్‌కాస్ట్ సత్తుపల్లిని ఆనుకునే ఉంది. అక్కడ డంపర్ నడిపేవాళ్ల పని కూడా స్టీరింగ్ పనే. ప్రమాదం కూడా తక్కువేమీ కాదు. రాత్రి షిఫ్టు, దుమ్ము, వాన పడితే జారే హాల్ రోడ్డు.

సింగరేణి రెగ్యులర్ కార్మికుడి జీతం బేరం సత్తుపల్లిలో జరగదు. దేశంలోని బొగ్గు సంస్థలన్నిటికీ కలిపి జాతీయ స్థాయిలో యాజమాన్యాలు, యూనియన్లు కూర్చుని తేలుస్తాయి. 11వ వేతన ఒప్పందం మీద 2023 మే 20న సంతకాలయ్యాయి. 19 శాతం కనీస పెంపు. లెక్క ప్రకారం అది 2021 జులై 1 నుంచే అమల్లోకి రావాలి. అంటే బేరానికి పట్టిన ఆలస్యం 23 నెలలు. ఆ కాలానికి ఏరియర్స్ వచ్చాయి కాబట్టి డబ్బు పోలేదు. రైకొనెన్‌లా చేతులు ఊపుకుంటూ వెళ్లాల్సిన గతి పట్టలేదు. ఇదే గట్టి బేస్ అంటే. గనికి లాభం వచ్చినా రాకపోయినా ఆ జీతం ఆగదు.

దాని మీద బోనస్ ఉంది. దసరాకు ముందు వచ్చే లాభాల వాటా. 2025లో ప్రభుత్వం 34 శాతం వాటా కింద రూ.819 కోట్లు ప్రకటించింది. సగటున ఒక్కో రెగ్యులర్ కార్మికుడికి రూ.1,95,610. అదే ప్రకటనలో సుమారు 30 వేల మంది కాంట్రాక్ట్ కార్మికులకు తలా రూ.5,500.

35 రెట్లు తేడా. హామిల్టన్, నోరిస్ బేస్ జీతాల మధ్య ఉన్నది నాలుగు రెట్లే!

కాంట్రాక్ట్ కార్మికులకు అసలు వాటా మొదలైందే 2024లో. అప్పుడు రూ.5 వేలు. ఏడాదికి 500 పెరిగింది. అంతకుముందు సున్నా కాబట్టి ముందడుగే అనాలి. కానీ ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు పైనున్న మట్టిని ఎత్తే ఓబీ పనిలో పెద్ద భాగం ప్రైవేటు కాంట్రాక్టు సంస్థలదే. ఆ టిప్పర్ల డ్రైవర్లు జాతీయ వేతన ఒప్పందంలోకి రారు. బొగ్గు బయటికి రావాలంటే ముందు మట్టి కదలాలి. మట్టిని కదిలించేవాడికి బేరం బల్ల దగ్గర కుర్చీ లేదు.

కుర్చీ ఎందుకు లేదు అన్నదానికి జవాబు మాన్సెల్ కథలో ఉంది. ఒకడు కాదంటే అంతకు తక్కువకు ఎక్కే ఇంకొకడు గేటు బయట ఉన్నప్పుడు ఏ డ్రైవరూ రేటు చెప్పలేడు. హెవీ లైసెన్స్ ఉన్నవాళ్లు ఒక్క ఖమ్మం జిల్లాలోనే బోలెడు. పైగా వేరే రాష్ట్రాల నుంచీ వస్తారు. ఓబీ కంపెనీల్లో స్థానికులకే ఉద్యోగాలివ్వాలని సింగరేణి ప్రాంతమంతా వినిపించే డిమాండ్ వెనక ఉన్నది కూడా ఇదే భయం. రవాణాలో ఇంకో మార్పు కూడా వచ్చింది. భద్రాచలం రోడ్ - సత్తుపల్లి మధ్య 54 కిలోమీటర్ల రైల్వే లైన్ 2022లో అందుబాటులోకి వచ్చాక, గతంలో లారీల మీద కొత్తగూడెం వైపు పోయిన బొగ్గు ఇప్పుడు రైలెక్కుతోంది. దుమ్ము తగ్గింది, రోడ్డు మీద ప్రమాదాల భయం తగ్గింది. ఊరికి నిజంగానే మేలు. లారీ డ్రైవర్ వైపు నుంచి చూస్తే మాత్రం, తను కాదంటే ఆగిపోయే లోడు ఇప్పుడు ఆగదు.

విడివిడిగా బలం లేనివాళ్లు కలిసి అడగడం ఒక్కటే దారి. 2022 సెప్టెంబర్‌లో సింగరేణి కాంట్రాక్ట్ కార్మికులు ఆ పనే చేశారు. కోల్ ఇండియా సంస్థల్లో కాంట్రాక్ట్ కార్మికుల కోసం హైపవర్ కమిటీ ఖరారు చేసిన వేతనాలు ఇక్కడా ఇవ్వాలని సమ్మెకు దిగారు. కొన్ని హామీలతో సమ్మె ముగిసింది. హైపవర్ కమిటీ వేతనాల డిమాండ్ మాత్రం అప్పటి నుంచీ ప్రతి సభలోనూ, ప్రతి వినతిపత్రంలోనూ మొదటి వరుసలోనే ఉంటోంది.

కాంట్రాక్ట్ కార్మికులకు ఎఫ్1 నుంచి నిజంగా పనికొచ్చేది ఏదైనా ఉంటే, అది హామిల్టన్ చెక్కు కాదు, జెనీవాలో కూర్చునే ఆ బోర్డు. సంతకం ఎవరిది, తేదీ ఏది, ఏ షరతు చెల్లుతుంది అని ఇరుపక్షాలకూ కట్టుబడేలా చెప్పే ఒక చోటు ఉండటం వల్లే 21 ఏళ్ల కుర్రాడు పెద్ద కార్ల కంపెనీకి ఎదురు చెప్పగలిగాడు. ఓబీ డ్రైవర్‌కు ఆ చోటు లేదనలేం. లేబర్ కమిషనర్ ఉన్నారు, కనీస వేతనాల చట్టాలున్నాయి, పీఎఫ్ ఆఫీసు ఉంది. అయితే చేతిలో నియామక పత్రం, నెలనెలా పే స్లిప్ లేకుండా అక్కడికి వెళ్తే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. కాంట్రాక్టర్ మారినప్పుడు పాత సర్వీసు ఎవరి లెక్కలో పడుతుందన్నది ఆ తర్వాతి ప్రశ్న.

జూన్ 30 తర్వాత రెగ్యులర్ కార్మికుల 12వ వేతన ఒప్పందం కాలం మొదలవుతుంది. సంతకం ఆలస్యమైనా జులై 1 నుంచే లెక్క కట్టి ఏరియర్స్ ఇవ్వడం బొగ్గు పరిశ్రమలో ఆనవాయితీ. ఓబీ టిప్పర్ డ్రైవర్‌కు మాత్రం ఆ తేదీతో సంబంధం లేదు. అతని రేటు మారేది టెండర్ మారినప్పుడే.